పంపు మీద పెట్టిన చెవి

జూన్ 3
మాస్టారింట్లో లిఫ్టు సర్వీసింగ్. రిటైరైన లెక్కల మాస్టారు, మోకాళ్లు పోయాయి, ఇప్పుడు ఆ లిఫ్టే ఆయనకి కాళ్లు. ప్రతిసారీ అదే ప్రశ్న — "తాడు కనపడదు, గొలుసు కనపడదు, నన్నెవరు మోస్తున్నారోయ్?" ఆయిల్ మోస్తోందండీ అంటాను. మోటారు తిరిగితే పంపు ట్యాంకులో ఆయిల్‌ని సిలిండర్‌లోకి తోస్తుంది. రాడ్ లేస్తుంది, దాంతోపాటు మాస్టారూ లేస్తారు. దిగడానికి వాల్వు తెరిస్తే చాలు, ఆయన బరువే ఆయిల్‌ని వెనక్కి పంపేస్తుంది. మోటారు, పంపు, ట్యాంకు, వాల్వులు... అంతా కలిపి పవర్ ప్యాక్. బట్టల పెట్టెంత ఉంటుంది.

స్క్రూడ్రైవర్ కొన పంపు మీద, పిడి ఎడమ చెవికి. సన్నగా గుయ్యిమంటోంది, అంతే. "బ్రహ్మాండంగా ఉందండీ." ధీమాగా చెప్పి వచ్చేశాను.

జూన్ 5
"మూడు విజిల్స్ రాగానే ఆపేయండి" అని స్నానానికి వెళ్లింది మా ఆవిడ సుజాత. దిండు మీద కుడి పక్కకి ఒత్తిగిలి పేపర్ చదువుతున్నాను, నాకు ఒక్కటే వినపడింది. ఆరొచ్చాయట. పప్పు బొగ్గయింది. "పేపర్లో తల దూరిస్తే లోకం తెలియదు మీకు!" నిజమే అనుకున్నాను.

జూన్ 6
బందరు. రోల్డ్ గోల్డ్ నగల ప్రెస్సు — రేకు మీద అచ్చు గుద్దేది. అదీ ఆయిల్ బలంతోనే. ఎడమ పక్కన రేకు కట్టలు అడ్డం, చోటు లేక కుడి చెవి పెట్టాను.

గలగల. డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు. ఆయిల్ సరిగా అందకపోతే పంపు చేసే చప్పుడు.

"పోయినసారి వచ్చినప్పుడే చెప్పానుగా అండీ, అరుస్తోందని" అంది ఓనరు గారి భార్య.

అప్పుడు ఎడమ చెవితో విని, బాగుందన్నాను.

కట్టలు జరిపి ఎడమ చెవికి మార్చాను — గుయ్. కుడి — గలగల. నాలుగుసార్లు మార్చి చూశాను. బాగు చేసేదాకా ప్రెస్సు నడపొద్దని చెప్పి వచ్చేశాను.

బస్సెక్కాక గుర్తొచ్చింది, మాస్టారి పంపు.

జూన్ 7
పొద్దున్నే ఫోన్ చేశాను. లిఫ్టు ఎక్కకండి, వస్తున్నాను. "బ్రహ్మాండం అన్నావుగా?" ఫిల్టర్ మార్చాలండీ అని అబద్ధమాడాను. వెళ్లి చూస్తే అదే నిజమైంది — ట్యాంకు అడుగున జాలీ నిండా మడ్డి. కొత్తది వేశాను. కుడి చెవికి గలగల తగ్గింది.

మాస్టారు కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు. "మొన్న ఎడమ చెవి. ఇవాళ కుడి చెవి. ఏమిటోయ్ సంగతి?"

చెప్పేశాను. భయంగా ఉందండీ అని కూడా అన్నాను. ఈ చెవిని నమ్మేగా నన్ను పిలుస్తారు.

మాస్టారు లెక్క మొదలుపెట్టారు. "మరి ఎడమ చెవితో బాగుందన్నవి ఇంకెన్ని?"

జూన్ 8
అవనిగడ్డ మిల్లు — ధాన్యం లారీని అమాంతం ఎత్తి ఒంపే ప్లాట్‌ఫారం.
గిలకలదిండి — పడవల్ని ఒడ్డుకి లాగే వించి.
చల్లపల్లి — కార్ల లిఫ్టు. దాని కింద మనిషి నిలబడతాడు.

చల్లపల్లికి మాత్రం ఫోన్ చేశాను, నేనొచ్చేదాకా కారు ఎత్తొద్దని. మిగతా ఇద్దరికీ ఏమని చెప్పను? నా చెవి పోయిందనా?

జూన్ 9
చల్లపల్లిది బాగానే ఉంది. కుడి చెవితో రెండుసార్లు విన్నాను. హమ్మయ్య.

మిగతా ఇద్దరికీ చెప్పలేదు. సుజాతకీ చెప్పలేదు.

అన్నాల దగ్గర ఇరవై ఏళ్లుగా నా ఎడమ పక్కనే కూర్చుంటుంది. ఇవాళ కంచం పట్టుకుని కుడి పక్కకి వచ్చింది. ఏమీ అనలేదు.

ఇంతకుముందు ఎడమ పక్క నుంచి అన్నదేమో మరి...