ఖాసిమన్న వాషరు

ఖాసిమన్నా,

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ రోజు నుంచి నంద్యాలలోని మన షెడ్డులో నా టీ గ్లాసును గ్రీజు చేతులతో ఎవరూ ముట్టరాదు. ముట్టేవాడివి నువ్వొక్కడివే. నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది.

పొద్దున ఆళ్లగడ్డ నుంచి విగ్రహాలు చెక్కే సుబ్బన్న వచ్చాడు. రాళ్లు ఎత్తే పరికరానికి రాడ్ ఎండ్, అంటే కమ్మీ చివర బిగించే, లోపల గుండు తిరిగే రింగు, కావాలట.

"బోల్టు పట్టేది ఏదో ఒకటి ఇయ్యప్పా, బేగా పోవాల."

"బోల్టు సంగతి తర్వాత. బరువు యాపక్కకు తోస్తాది?"

"ఎత్తేటప్పుడు నిలువుగా, రాయి తిప్పేటప్పుడు పక్కకు."

"నిలువుగా లాగితే రింగు తట్టుకుంటాది. పక్కకు తోస్తే లోపలి గుండు ఊడొస్తాది. రాయి కింద ఉండేది నీ కాళ్లేనప్పా!"

మాటలు నా నోట వచ్చాయి గానీ గొంతు నీదే. ఉలిక్కిపడి వెనక్కి చూశాను. నీ స్టూలు ఖాళీగా ఉంది.

గట్టిది ఏరి, గుండు ఊడినా కమ్మీ జారిపోకుండా నువ్వు వేసే పెద్ద వాషరు కూడా వేసి బిగించాను.

పాణ్యం దారిలో స్టీరింగ్ గుండు ఊడి నీ ట్రాక్టరు కాలువలో పడిన రోజు ఆ వాషరు లేదు. నువ్వే మరిచిపోయావని వదినకు చెప్పాను.

అది నేను కల్పించిన మాట అన్నా. నిన్ను ఆటపట్టిద్దామని వాషరును జేబులో దాచాను. "వేసినావా?" అని అడిగితే "వేసినా" అన్నాను. బండి కదలక ముందే చూపించి నవ్వుదామనుకున్నాను. నువ్వు నా మాట నమ్మి వెళ్లిపోయావు.

సుబ్బన్నకు బిగించింది ఆ వాషరే.