గొడుగు అరువడిగిన చేప

మార్చి 28, శుక్రవారం సాయంత్రం

అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ ముగ్గురం కులాసా. నీ మోకాలు ఇప్పుడు మెట్లెక్కనిస్తోందా? బావగారిని అడిగానని చెప్పు.

నీ మేనకోడలు మళ్ళీ మూడో తరగతేనా అని అడిగావు. మొదట్నుంచీ చెబుతాను, విసుక్కోకు.

ఇంట్లో రోజూ ఒక పేజీ చదివించి సంతకం పెట్టమని బడివాళ్ళు బొమ్మల పుస్తకం ఇచ్చారు. నాకొచ్చిన చదువల్లా ఆ సంతకమేనని నీకు తెలుసు. నీ మరదలు పని నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. అందుకని బేకరీ నుంచి రాగానే, కనురెప్పల మీది పిండయినా కడుక్కోకుండా నేనే మంచం మీద వాలేవాణ్ణి. పిల్ల పక్కన కూర్చుని చదివేది. వానలో గొడుగు అరువడిగిన చేప, దాహమేసి మెట్లు దిగొచ్చిన చందమామ. వింటూంటే మంచం నీళ్ళ మీద తేలుతున్నట్టుండేది. నిద్రో మెలకువో తెలిసేది కాదు. లేచి సంతకం పెట్టేసేవాణ్ణి.

ఒకరోజు బడికి పిలిపించారు. పిల్లకి ఒక్క లైను చదవడం రాదట. గొడుగు చేప కథ రోజూ చదువుతోందే అంటే, పుస్తకంలో చేప బొమ్మ ఉంది గానీ గొడుగు ఊసే లేదట. ఇలాగైతే మళ్ళీ మూడో తరగతేనని పెద్ద టీచరు తేల్చేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

బడి వదిలాక, వెనకబడిన పిల్లలకి ఇంకో గంట చెప్పే టీచరమ్మ ఉంది. ఆవిడ దగ్గర నిజం కక్కేశాను.

"నాకూ చదవడం రాదండీ. అది చెప్పిందల్లా నమ్మాను."

ఆవిడ నవ్వలేదు. ఆ కథలేమిటో చెప్పమంది. నాకన్నీ కంఠతా వచ్చు. చేప కథని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇది నీ కథేనమ్మా, చదువుకో అంది పిల్లతో. సొంత మాటలకి భయమెందుకు? అలా ఐదు నెలలు. ఎండ కిటికీలోంచి మెల్లగా బోర్డెక్కేది. వెనక బుల్లి బెంచీలో నేను మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని సగం కునికేవాణ్ణి.

మొన్న పెద్ద టీచరు ఎన్నడూ చూడని పుస్తకం దాని ముందు పెట్టింది. పిల్ల పేజీ మొత్తం చదివింది. ఒకచోట తడబడి, వెనక్కెళ్ళి తనే సరిచేసుకుంది. నాలుగో తరగతికి పంపుతున్నారక్కా. అందరి ముందూ ఏడ్చేశాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. అత్తా, నాన్న చెబుతుంటే ఇదంతా రాసింది నేనే. ఒక్క వాక్యం మాత్రం రాయలేదు. అందులో నాన్న తనని తానే తిట్టుకున్నాడు. మొత్తం చదివి వినిపించమంటే, అది కూడా ఉన్నట్టే చదివాను.