నలభయ్యో పాఠం

మార్చి 3, సోమవారం

స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు డాక్టరు. ఆపరేషన్ శుక్రవారం. ఆ తర్వాత గొంతు ఉండదట. ఎంత నెమ్మదిగా చెప్పాడో, అదేదో మంచి వార్త అయినట్టు.

నలభై ఇంగ్లిష్ ఆడియో పాఠాల్లో ముప్ఫై తొమ్మిది రికార్డు చేశాను. మిగిలింది ఒక్కటే. కాలం గడిచిన సంగతి ఎలా చెప్పాలన్నది. సిన్స్, ఫర్, అగో. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ముందు పాప కోసం నాలుగు మాటలు రికార్డు చేసిపెట్టమన్నాడు మా ఆయన. రోజూ పొద్దున్నే "లేవే దొంగపిల్లా" అని లేపుతానే, కనీసం అదైనా. పాఠం అయ్యాక చేస్తానన్నాను. ముప్ఫై తొమ్మిది పాఠాలు నా గొంతుతో విన్నవాళ్ళకి చివర్లో పరాయి గొంతు వినిపించడం నాకిష్టం లేదు. మొండిదాన్ని.

మార్చి 4, స్టూడియో, ఉదయం 11

ఆవిరి పట్టుకుని మూడు వాక్యాలు చెబుతాను. గొంతు పట్టేస్తుంది. మళ్ళీ ఆవిరి.

ఎప్పటి పద్ధతే. ముందు తప్పు వాక్యం, ఆ తర్వాత గంట మోత, ఆ తర్వాత ఒప్పు. "ఐ యామ్ వెయిటింగ్ సిన్స్ మార్నింగ్." గంట. "ఐ హావ్ బీన్ వెయిటింగ్ సిన్స్ మార్నింగ్." తర్వాత "ఇప్పుడు మీరు చెప్పండి" అని అయిదు సెకన్లు ఆగుతాను. వినేవాళ్ళు తిరిగి చెప్పడానికి ఆ ఖాళీ.

రేపటికి పెట్టుకుందామా అన్నాడు రికార్డిస్టు. రేపటికి ఈ మాత్రం కూడా ఉండదన్నాను.

సాయంత్రం 5

అయిపోయింది. రికార్డిస్టు చప్పట్లు కొట్టాడు. ఇంటికొచ్చేసరికి గుసగుస తప్ప ఏమీ రావట్లేదు. రేపు గొంతుకి విశ్రాంతి. ఎల్లుండి పాపకి.

మార్చి 5

స్కాన్ చూశాక ఆగడానికి లేదన్నారు. ఇవాళే వచ్చి చేరమన్నారు. సంచి సర్దడం ఆపి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని "లేవే" అన్నాను. గాలే వచ్చింది.

మా ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, మిగతా సంచి సర్దాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

మార్చి 19

ఆపరేషన్ అయి ఇంటికొచ్చి రెండు రోజులు. ఫోన్లో వీడియోలన్నీ వెతికాం. అన్నింట్లోనూ మాట్లాడేది పాపే. తీసేది నేను కదా, నవ్వుతానంతే.

రికార్డిస్టుకి మెసేజ్ పెట్టాను. రికార్డింగ్ మధ్యమధ్యలో పాపకి ఫోన్ చేసి మాట్లాడేదాన్ని, ఆ ముక్కలేమైనా ఉన్నాయా అని. పనికిరానివి ఏ రోజువి ఆ రోజే తుడిచేస్తాడట. పాపం, మూడుసార్లు సారీ చెప్పాడు.

నలభై పాఠాలున్నాయి. ఒక్కదాంట్లోనూ నా కూతురితో అన్న మాట లేదు. చేతులారా చేసుకున్నాను. ఎవర్ని తిట్టను?

మార్చి 24, ఉదయం 7

పాపని లేపడానికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. వాళ్ళ నాన్న ఫోన్ తీసుకుని దుప్పట్లో దూరింది. నా గొంతు వినిపిస్తోంది. ఐ హావ్ బీన్ వెయిటింగ్ సిన్స్ మార్నింగ్. ఇప్పుడు మీరు చెప్పండి.

పాపని నేనేనాడూ "మీరు" అనలేదు.

ఆ అయిదు సెకన్లలో పాప చెప్పింది, లేచానమ్మా అని.