మీ నాన్నకు జబ్బేనట!

నా బంగారుతల్లికి,

మేమిక్కడ క్షేమం అని మొదలుపెడితే ఈసారి అబద్ధమవుతుంది. మీ నాన్నకు జబ్బు చేసింది తల్లీ! ఉత్తుత్తి జబ్బు కాదు, రక్తపరీక్షలో దొరికిన జబ్బు! ఎంత సంతోషంగా ఉందో రాయడానికి నా చదువు చాలదు. "జబ్బొచ్చిందని వీధంతా చాటుకునే మనిషిని మిమ్మల్నే చూశాను" అంటోంది మీ అమ్మ. అననీ.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నాన్న స్నానానికి వెళ్ళారనీ, పడుకున్నారనీ అమ్మ చెప్పేది కదా. నేనెక్కడికీ వెళ్ళలేదమ్మా, పక్క కుర్చీలోనే ఉండేవాణ్ణి. అలా చెప్పమని సైగ చేసేది నేనే. నా గొంతు పోయింది తల్లీ. కూరగాయల మార్కెట్టులో నేను వేలం వేస్తుంటే ఆ చివర కొట్లవాళ్ళకి కూడా ధర తెలిసిపోయేది. అందుకే కదా నాకు మైకు అని పేరు పెట్టారు! ఆ గొంతు కాస్తా తుప్పు పట్టిన తలుపు చప్పుడయింది. నువ్వు ఒక్క మాట వింటే పట్టేస్తావు. ఏడుస్తావు. అది నేను తట్టుకోలేను.

గొంతొక్కటే అయితే సర్దుకునేవాణ్ణి. అందరూ చెమటలు తుడుచుకుంటుంటే నేను స్వెట్టరులో వణికేవాణ్ణి. ముఖం ఉబ్బింది. ఒళ్ళంతా గరుకు. ఒకడు పాడిన ధర నా బుర్రకెక్కేలోపు ఇంకొకడు పాడేసేవాడు. ఓ రోజు ఉల్లిపాయలు తక్కువ పాడినవాడికే ఖాయం చేసి గంట కొట్టేశాను. ఎవరూ తిట్టలేదమ్మా. తిట్టినా బాగుండేది. పెద్ద షావుకారు భుజం మీద చెయ్యేసి "చాలా ఏళ్ళు వేలం వేశావు పెద్దాయనా, ఇక కూర్చో" అన్నాడు. నేను నిలబడి వేలం వేసే బల్ల మీదికి నా మేనల్లుడు ఎక్కాడు.

గొంతు డాక్టరు చప్పరించే బిళ్ళలిచ్చాడు. చెవుల డాక్టరు చెవులు శుభ్రం చేశాడు. మరొకాయన "వయసండీ" అని చేతులు దులుపుకున్నాడు. వయసుకి మందేముంది? నేనూ చేతులెత్తేశాను.

చివరికి అమ్మ మోకాళ్ళు చూపించడానికి తోడు వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ మోకాళ్ళు వదిలేసి నన్నే చూస్తోంది.

"ఫ్యాను ఆపమంటారేంటి తాతగారూ? ఇంత ఎండలో!"

"చలమ్మా" అన్నాను. ఆ గొంతు వినగానే ఆవిడ కలం కింద పెట్టేసింది. మెడ తడిమింది, ఏవేవో అడిగింది. మడమ దగ్గర చిన్న సుత్తితో కొడితే నా పాదం తీరిగ్గా, పెళ్ళికూతురిలా కదిలింది. "చలి, గొంతు, మతిమరుపు, మలబద్ధకం... ఇవన్నీ ఒకే ఇంటి పిల్లల్లా ఉన్నాయే! రక్తం చూద్దాం" అంది. చూశారు. మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుందిట, నాది కునుకు తీస్తోందిట. రోజుకో చిన్న మాత్ర, జీవితాంతం. వేసుకుంటాను తల్లీ, ఇంకో జన్మంతా అయినా వేసుకుంటాను!

వయసు కాదు, జబ్బు. గొంతు వచ్చాక నేనే మాట్లాడతాను.

ఇట్లు,
జబ్బుపడి ఆనందంగా ఉన్న
మీ నాన్న

---

నాన్న ప్రాణమైన చిట్టికి,

నీ జవాబు కళ్ళకద్దుకున్నాను. కానీ నీకొకటి చెప్పలేదు. వారాలు గడిచినా స్వెట్టరు వదల్లేదు, గొంతు రాలేదు. ఈ మందూ ఉత్తిదే, వయసే నిజం అనుకున్నాను. అమ్మకి చెప్పకుండా మార్కెట్టుకెళ్ళి ఇన్నాళ్ళూ దాచుకున్న నా వేలం గంట మేనల్లుడి చేతిలో పెట్టేశాను. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మళ్ళీ పరీక్ష చేస్తే రిపోర్టులో పెద్ద మార్పేమీ లేదు. డాక్టరమ్మ అడిగింది: "మాత్ర ఎలా వేసుకుంటున్నారు?"

"మీరిచ్చిన మందును వట్టి నీళ్ళతో వేసుకుంటానా అమ్మా? చిక్కటి కాఫీతో! ఒంటరిగా పోకుండా మా ఆవిడ కాల్షియం బిళ్ళ కూడా తోడిచ్చి పంపుతున్నాను."

ఆవిడ నెత్తి పట్టుకుంది. మీ అమ్మ కుర్చీలోంచి లేచింది. "నా బిళ్ళలు తరిగిపోతుంటే ఎలుకలనుకున్నాను! ఇంట్లోనే ఇంత పెద్ద ఎలుకుందా?"

డాక్టరమ్మ నవ్వాపుకుని విడమరిచి చెప్పింది. పరగడుపునే నీళ్ళతో వేసుకోవాలిట, కాఫీ గంట ఆగాకేనట. కాల్షియంతో కలిపితే మందు ఒంటికి సరిగా అందదట. "అయినా ఆ బిళ్ళలు మీవి కావు కదా తాతగారూ!" ఆ రోజు నుంచి మీ అమ్మ కాఫీగిన్నెకి కాపలా. గంట కాకముందు వంటింటి గడప తొక్కితే అట్లకాడ చూపిస్తోంది.

చిట్టీ, కొన్ని వారాలకి ఓ పొద్దున ఉక్కపోసిందే! స్వెట్టరు విప్పి మంచం మీదికి విసిరాను. మీ అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేసింది. కొత్త రిపోర్టు బాగుందని డాక్టరమ్మ నాతో చెయ్యి కలిపింది.

నిన్న ఊరికే చూద్దామని మార్కెట్టుకెళ్ళాను. మేనల్లుడు టమాటాలు వేలం వేస్తున్నాడు, వేలమా అది, అప్పిచ్చినవాడికి సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు! ధర అక్కడే ఆగిపోయింది. నా వల్ల కాలేదమ్మా. వెనకనుంచి "ఇంకెవరు పాడతారూ!" అన్నాను. అనలేదు, అదే వచ్చేసింది. రేకుల కప్పు మీది పావురాలు ఒక్కసారి లేచిపోయాయి. కాటా దగ్గరివాడు బస్తా వదిలేసి "మైకొచ్చిందిరోయ్!" అని అరిచాడు. మేనల్లుడు బల్ల మీంచి దూకి గంట నా చేతిలో పెట్టాడు. "తీస్కో మావయ్యా, నా ప్రాణం లేచొచ్చింది!" షావుకారు పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుని, ఆ వెంటనే ధర పెంచి పాడాడు. వాడికే గంట కొట్టేశాను. ఈసారి ఎక్కువ పాడినవాడు వాడే మరి!

రేపు పొద్దున ఫోన్ చెయ్యి తల్లీ. నేను కాఫీ తాగాక చెయ్యి, అంతకుముందు నాకు మనశ్శాంతి ఉండదు. అమ్మ ఎత్తదు, నేనే ఎత్తుతాను.

ఫోను చెవికి కాస్త దూరంగా పెట్టుకో.

నీ నాన్న,
మైకు