గింజాలో అద్దం ముందు

చెంగమ్మక్కా,

నూరా నన్ను జపాను తీసుకొచ్చింది. కువైట్‌లో మనిద్దరం పనిచేసిన రుమైథియా ఇంట్లో నీ చంక దిగని పసిపిల్ల, మనం మామా అని పిలిచిన యజమానురాలి కూతురు నూరానే. ఇప్పుడు తనకే ఇద్దరు పిల్లలు.

టోక్యోలో గింజా అని ఖరీదైన అంగళ్ల వీధి ఉంది. ఒక అంగడి తలుపు దగ్గర పిల్ల నడుము వంచి దండం పెడితే, ఎవరికోనని వెనక్కి తిరిగి చూశాను. ఎన్నేళ్లు మామా వెనక సంచులు మోశాం మనం.

నూరా చెప్పులు కొనడానికి లోపలికి పోతూ, "ఇక్కడే ఉండు, కదలొద్దు" అంది. అంగడి అద్దం ముందు నిలబడ్డాను.

ఇరాక్ సైన్యం వచ్చిన ఆగస్టులో, కువైట్‌లో సాల్మియా బజారులో నువ్వు నన్ను నిలబెట్టిందీ ఇట్లాంటి అంగడి ముందే. అద్దం పగిలిపోయి, లోపల బొమ్మల ఒంటిమీద బట్టలు లేవు. మామావాళ్లు సెలవులకని అంతకుముందే దేశం దాటారు. మనవాళ్లను దేశం దాటించే బస్సు దగ్గరికి వచ్చాక, పాస్‌పోర్టులు మామా బీరువాలోనే ఉన్నాయని నీకు గుర్తొచ్చింది.

"నువ్వీడనే నిలబడు మే. యాడికీ కదలగాకు. నేనిట్ల పోయి అట్ల వస్తా" అన్నావు.

సాయంత్రందాకా నిలబడ్డాను, నువ్వు రాలేదు. చివరికి మనవాళ్లు నన్ను లాగి బస్సెక్కించారు.

యుద్ధం అయ్యాక అదే ఇంటికి పనికి తిరిగొచ్చాను. బీరువా తెరిచి ఉంది. మామా నగలు అట్లే ఉన్నాయి. మన పాస్‌పోర్టులు రెండే లేవు.

పది నిమిషాలకే నూరా వచ్చి, "యల్లా, పోదాం" అని చెయ్యి పట్టుకుంది. నా కాళ్లు కదల్లేదు.

"ఇంకెవరైనా రావాలా?" అని అడిగింది.

అవునన్నాను.