లైను వదలని కార్డు

దిల్‌సుఖ్‌నగర్,
20 సెప్టెంబర్ 2011

ప్రియమైన సూర్యక్కకి,

బక్కయ్య ఆటో మీ ఎల్బీనగర్ వైపే వస్తోందంటే ఈ నాలుగు ముక్కలు రాసి ఇస్తున్నాను. నీకు వినికిడి పోయాక ఫోనుతో పనిలేదు, మెసేజుల్లో తెలుగు రాయడం నాకు చేతకాదు. ఈ సకల జనుల సమ్మెలో బస్సుల్లేక మీ ఇల్లు ఏదో వేరే ఊళ్లో ఉన్నట్టుంది.

మన దుకాణంలో రోగుల కోసం పెట్టిన ఫోను లైను మొదట్లో బాగా నడిచింది. ఒక పాత కంప్యూటరు, అందులో నాలుగు ఫోను లైన్లు తగిలించేలా నువ్వు చేసిన కార్డు, అంతే కదా. అదే పనికి విదేశీ కార్డు కొనాలంటే దుకాణం అమ్ముకోవాలి. ఎవరు ఫోన్ చేసినా కంప్యూటరే ఎత్తి, ఏ పేట అని అడిగి, అక్కడ రోగుల కోసం తిరుగుతున్న ఆటోవాళ్ల ఫోనుకి కలిపేది. పక్కన తెలంగాణ దీక్షా శిబిరం నడిపే జగన్ నీకు తెలుసుగా, "అక్కా, గిది మన ఉద్యమానికి ఇజ్జత్ తెచ్చింది" అని మురిసిపోయాడు.

నిన్న నాలుగు లైన్లూ బిగుసుకుపోయాయి. మాట్లాడినవాళ్లు ఫోన్ పెట్టేసినా కార్డు లైను వదల్లేదు. ఆ తర్వాత ఎవరు చేసినా ఎంగేజే. కర్మన్‌ఘాట్ అండాలమ్మకి మలక్‌పేట దవాఖానలో రక్తం శుద్ధి చేసే రోజు. మనవరాలు సంతోషి ఫోన్ చేసి చేసి విసిగి, కూరగాయల బండి మీద ముసలమ్మను పడుకోబెట్టి తోసుకుంటూ తీసుకెళ్లింది. చేరేసరికి ఊపిరి అందట్లేదట. ఇంకా లోపలే ఉంచారు.

కార్డులోనే ఏదో లోపం ఉన్నట్టుంది. పంపుతున్నాను, జర చూడు. శిబిరంలో కొందరు ఏదో అన్నారు, పట్టించుకోకు. కొన్నాళ్లు దుకాణం వైపు రాకుండా ఉంటేనే మంచిది.

నీ స్వప్న


ఎల్బీనగర్,
22 సెప్టెంబర్ 2011

ప్రియమైన స్వప్నకు,

కార్డు చూశాను. వినబడదు కాబట్టి మీటరు ముల్లు చూస్తూ ఒక్కో లైనూ పరీక్షించాను. ఎక్కడా తప్పు కనబడలేదు. అయినా నీ తృప్తి కోసం అనుమానం ఉన్న భాగాలు కొత్తవి అతికాను. బక్కయ్యకి ఇచ్చి పంపుతున్నాను.

అండాలమ్మ గారికి ఎలా ఉందో రాయి. శిబిరంలో ఏమన్నారో మాత్రం రాయనక్కర్లేదు.

గుడివాడలో మా అక్క సీతామహాలక్ష్మి ఒక్కతే ఉంది. కొన్నాళ్లు అక్కడికి వెళ్తున్నాను. అడ్రసు వెనక రాశాను.

సూర్యప్రభ


దిల్‌సుఖ్‌నగర్,
2 అక్టోబర్ 2011

ప్రియమైన అక్కా,

నీ కార్డు పెట్టిన రోజే మళ్లీ లైన్లు బిగుసుకున్నాయి. కంప్యూటరు ఆపుతూ, మళ్లీ ఆన్ చేస్తూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఆ మధ్యలో ఎవరెవరికి ఎంగేజ్ వచ్చిందో, వాళ్లేమయ్యారో తెలియదు. నిన్న ఇక తప్పక కార్డుకీ కంప్యూటరుకీ మాట కలిపే డ్రైవర్ ప్రోగ్రాం తెరిచాను. అది నేను రాసింది.

అవతలివాళ్లు పెట్టేస్తే టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఒక టోన్ పంపుతుంది. అది విని లైను వదలాలి. ఆ టోన్ ఒక్కో దేశంలో ఒక్కో తీరు అని నాకు నేర్పింది నువ్వే. లైన్లు ఆగడానికి ముందు ప్రోగ్రాం కొత్తగా మార్చినప్పుడు మన దేశం టోన్ ఉన్న వరుసలు ఎగిరిపోయాయి. సరిచూడకుండానే దుకాణంలో పెట్టేశాను. కార్డు పాపం ఏమీ లేదక్కా.

సరిచేశాను. ఇప్పుడు లైను వెంటనే వదులుతోంది. ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని ఆ ప్రోగ్రాంని మనం నెట్‌లో పెట్టాం కదా, అక్కడ ఏం మార్చానో చెప్పాల్సిన చోట "చిన్న మెరుగులు" అని రాశాను. రాసి, నా మొహం నేనే చూసుకోలేకపోయాను.

ఇంకో సంగతి దాచాను. లైన్లు ఆగిన రోజు శిబిరంలో జగన్ అందరి ముందూ, "చేసింది ఆంధ్రావిడ గదా, గట్లనే ఉంటది. కావాల్నని చేసింది" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట అనలేదు. మా అమ్మానాన్నలు నల్లగొండ నుంచి వచ్చి మీర్‌పేటలో కిరాయికి ఉంటున్నవాళ్లు, ఈ ఉద్యమం మాకు ఎంతో నీకు తెలుసు. నిన్ను వెనకేసుకొస్తే నన్నూ వేరు చేస్తారని భయపడ్డాను. మర్నాడు మన దుకాణం బోర్డు మీద నీ పేరుకి తారు పూసి ఉంది. దాన్నీ తుడవలేదు.

నిన్ను క్షమించమని అడిగే మొహం లేదు.

స్వప్న


దిల్‌సుఖ్‌నగర్,
14 అక్టోబర్ 2011

ప్రియమైన అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. రాయకపోవడంలో తప్పేమీ లేదు.

అండాలమ్మ ఇంటికి వచ్చిందని తెలిసి కర్మన్‌ఘాట్ వెళ్లాను. మంచం మీద ఒరిగి ఉంది, కాళ్ల వాపు ఇంకా తగ్గలేదు. లైను ఆగింది నా వల్లే అని చెప్పాను. "బండి మీద పోతుంటె రోడ్డు మీదోళ్లందరు నన్ను చూసిన్రు బిడ్డా. సచ్చిపోతనని గాదు, గట్ల అందరు చూస్తుంటె సిగ్గయింది" అంది. ఆ తర్వాత, "ఎవరో ఆంధ్రావిడ చేసిందంటిరి గదా. ఆమెకు చెప్పినవా మరి?" అని అడిగింది. ఉత్తరం రాశానన్నాను. "ఉత్తరం సరే. తిట్టింది నలుగుర్ల గదా" అంది.

నేరుగా శిబిరానికి వచ్చి మైకు అడిగి తీసుకున్నాను. అందరి ముందూ చెప్పాను. కార్డు మంచిదేనని, తప్పు నాదని, తెలిసీ ఊరుకున్నానని. జగన్ మైకు లాక్కున్నాడు. "నేనన్నది తప్పే. కని నువ్వు పక్కనే నిలబడి ఊకున్నవ్. తెలిసినంక గూడ ఇన్నొద్దులు చెప్పకపోతివి. మాతోని గంత మాట అనిపిస్తివి" అన్నాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడట్లేదు.

బోర్డు మీద తారు కిరసనాయిలుతో రుద్దాను. సగమే పోయింది. నెట్‌లో "చిన్న మెరుగులు" తీసేసి, తప్పు నాదేనని, దాని వల్ల రోగులకి లైను దొరకలేదని రాశాను.

నీ స్వప్న


గుడివాడ,
25 అక్టోబర్ 2011

ప్రియమైన స్వప్నకు,

సమ్మె ముగిసిందని పేపర్లో చూశాను. నీ రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది నీ మీద కోపంతో కాదు.

లైన్లు ఆగిన ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. లైను నడుస్తుంటే చూద్దామని బక్కయ్య ఆటోలోనే వచ్చాను. శిబిరం పక్కన ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డాను. వినికిడి పోయాక మనుషుల ముఖాలు చూసి మాటలు పట్టుకోవడం అలవాటైంది. జగన్ పెదవుల మీద "ఆంధ్రావిడ" అన్న మాట చదివాను. అప్పుడు నీ వైపు చూశాను. నువ్వు తల దించుకున్నావు. అదే ఆటోలో వెనక్కి వచ్చేశాను. నేను వచ్చినట్టు చెప్పొద్దని బక్కయ్యని బతిమాలుకున్నాను.

మర్నాడు నీ ఉత్తరం వచ్చింది, కార్డులోనే లోపం ఉందంటూ. కార్డులో ఏమీ లేదని తేలాక, నెట్‌లో అందరికీ తెరిచి పెట్టిన నీ ప్రోగ్రాం చదివాను. ఎగిరిపోయిన వరుసలు కనబడ్డానికి ఎంతోసేపు పట్టలేదు. నీకు ఇరవై రెండున జవాబు రాసేటప్పటికి ఆ సంగతి నాకు తెలుసు.

రాయలేదు. నీ అంతట నువ్వే పట్టుకుని సిగ్గుపడాలని కోరుకున్నాను. లైన్లు మళ్లీ బిగుసుకుంటాయని తెలిసీ, కొత్త భాగాలు అతికినట్టు నటించి కార్డు పంపించి, రైలెక్కాను. నువ్వు సరిచేసేదాకా ఎంగేజ్ వచ్చిన వాళ్లెవరో నాకూ తెలియదు. ఎక్స్ఛేంజీలో పనిచేసినన్నాళ్లూ ఆసుపత్రి లైను పోతే అన్నం కూడా మానేసి పరిగెత్తేదాన్ని. ఆ మనిషి నేనేనా అనిపిస్తోంది.

నువ్వు భయపడి ఊరుకున్నావు. నాకు భయమేమీ లేదు. పంతం కొద్దీ ఊరుకున్నాను. నన్ను నువ్వు ఓదార్చాలని ఇది రాయడం లేదు. నువ్వు చేసింది నన్ను నొప్పించలేదని కూడా అనను. నొప్పించింది.

టికెట్టు దొరగ్గానే వస్తున్నాను. ముందు కర్మన్‌ఘాట్ వెళ్లి అండాలమ్మ గారికి ఇదంతా నా నోటితో చెప్పాలి. నువ్వు తోడు రావద్దు, బక్కయ్యనీ పంపొద్దు. ఆవిడ మాట నాకు వినబడదు. ఎదురుగా కూర్చుని ఆవిడ ముఖమే చూస్తాను. చూపు మాత్రం తిప్పుకోను.

ఇట్లు,
సూర్యప్రభ