గడ్డకట్టిన టీకా

కాసిడీహ్, జంషెడ్‌పూర్
6 మే 2001

జానకక్కా,

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఏమిటి అనుకుంటున్నావేమో. మా ఫోను హాల్లో ఉంటుంది, హాల్లో అత్తగారుంటారు, అత్తగారి పక్కన ఇప్పుడు సుధారాణి ఉంటోంది. ఇక నేను ఎక్కడ నోరు విప్పేది చెప్పు?

అవును, ఆ సుధారాణే. వైజాగ్‌లో నాతోపాటు ల్యాబులో చేసేది, మనింటికొచ్చి నీ చేతి పనసపొట్టు కూర తిని ఇంకా ఉందా అని అడిగి మరీ వేయించుకుందే, ఆ మనిషి. ఇప్పుడు హైదరాబాదులో టీకాల కంపెనీలో పెద్ద సైంటిస్టు. పచ్చకామెర్లకి, అదే హెపటైటిస్-బికి, కొత్త టీకా తయారుచేసింది. దాన్ని పుట్టిన పిల్లలకి వేసి పరీక్షించడానికి మా ఊరొచ్చింది. బిర్సానగర్‌లో నేను రక్తపరీక్షలు చేసే ట్రస్టు ఆసుపత్రినే ఎంచుకుంది. ఊళ్ళో ఇన్ని గెస్ట్‌హౌసులుండగా మా ఇంట్లోనే దిగింది. నేనే రమ్మన్నాననుకో. మర్యాదకి రమ్మంటే నిజంగా వచ్చేస్తారా ఎవరైనా?

నా కడుపుమంట ఎందుకో నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. టీకాలో అసలు మందు ఒంటరిగా పెద్దగా పనిచెయ్యదక్కా. దానికి తోడు పటికలాంటి ఒక పదార్థం కలపాలి. అడ్జువెంట్ అంటాం. అది ఒంటిని తట్టి లేపితేనే ఒళ్ళు ఆ మందుని పట్టించుకుంటుంది. ఆ పటికకి ఇంకొకటి జతచేస్తే ఒళ్ళు ఇంకా గట్టిగా లేస్తుందని మొదట ఎలుకల మీద చేసి చూసింది నేను. ఇంతలో పెళ్ళి కుదిరింది. "సుధా, నువ్వు చూసుకో" అని ఎలుకల బోనులు దాని చేతిలో పెట్టి రైలెక్కాను. నన్నెవరూ తొయ్యలేదు, నేనే ఎక్కాను. అయినా మండుతోంది. ఇవాళ ఆ టీకాకి అది తల్లి. నేను ఆ టీకాలున్న ఫ్రిజ్‌కి కాపలా. తాళంచెవి నా కొంగుకి కట్టి, "నువ్వుంటే నాకు భయం లేదు ఇందూ" అంటుంది. ఒళ్ళు మండిపోదూ?

మా ఆయన సంగతి విను. ఇన్నేళ్ళ కాపురంలో నీ పనేమిటి అని భీమశంకర్‌గారు ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు అన్నం ముందు కూర్చుని, "యాంటీబాడీలు ఎన్నాళ్ళుంటాయండీ?" అని దాన్ని అడుగుతారు. పప్పు చల్లారిపోతున్నా వింటారు. అత్తగారైతే గుమ్మడి వడియాలు దాని కంచంలోనే పడేస్తారు. మా అనూహ్య మనం తెలుగులో అడిగితే హిందీలో బదులిస్తుంది కదా, అది కూడా "మౌసీ కిత్‌నీ స్మార్ట్ హై, మమ్మీ!" అంది, పిన్ని ఎంత తెలివైందో అని. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

మొదటి సూది రత్నానికి పుట్టబోయే బిడ్డకి పడుతుంది. రత్నం మన శ్రీకాకుళం వైపు పిల్ల. మొగుడు వరహాలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. ఆ పిల్ల రక్తంలో కామెర్ల పురుగు ఉందని కనిపెట్టింది నేనే. కాన్పులో బిడ్డకి అంటితే జన్మంతా వదలదు, ఆఖరికి లివరు తినేస్తుంది. పుట్టిన రోజే టీకా వేస్తే చాలావరకు ఆగుతుంది. రత్నం నా చెయ్యి పట్టుకుని, "నా రగతంలో రోగం ఆడికి అంటుకోదు కదేటమ్మా, సూదేసేత్తే?" అని అడిగింది. అంటుకోదన్నాను. వెంటనే సుధారాణి వైపు తిరిగి, "ఈ అమ్మగారు పెద్ద డాక్టరు కావాల" అని దండం పెట్టింది. నేను ఎవరికీ ఏమీ కానక్కా.

నీ చెల్లి
ఇందు

*

17 మే

అక్కా,

ఇది చదివాక చింపెయ్యి. బావగారి కంట పడనివ్వకు.

కాసిడీహ్‌లో మాకు కరెంటు పోవడం అంటే ఏమిటో తెలియదు. బిర్సానగర్‌లో మాత్రం పోతే ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. నిన్న పొద్దున్న నేను వెళ్ళి ఫ్రిజ్ తీసేసరికి పెట్టెలన్నీ నేను పెట్టినట్టు లేవు, చెమ్మగా ఉన్నాయి. నర్సు కాంతాన్ని అడిగాను. రెండో తాళంచెవి ఆమె దగ్గరుంటుంది. మొహం వెలిగిపోతూ చెప్పింది.

"మొన్న మద్దేన్నం కరెంటు పోనాది మేడంగారూ. జనరేటరుకి డీప్ ఫ్రీజరొక్కటే కదా తగిలించుంది. ఎండకి మందులన్నీ పాడైపోతాయని అందులో పెట్టీసినాను. పోలియో సుక్కలు అందులోనే కదేటి ఉంచుతాం? సక్కగా రాయిలాగ గడ్డకట్టినాయి! కరెంటొచ్చినాక తీసి, తుడిచి, మళ్ళీ ఇక్కడ సర్దీసినాను."

పాపం, మెచ్చుకుంటాననుకుంది. పోలియో ఆదివారాల్లో ఇంటింటికీ తిరిగిన మనిషి. చుక్కల మందు గడ్డకడితేనే భద్రం, ఆమెకి తెలిసింది అదే. పటిక కలిపిన టీకాకి ఎండ కంటే మంచే శత్రువు. గడ్డకట్టకూడదని డబ్బా మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. కాంతానికి హిందీ వచ్చు, ఇంగ్లీషు రాదు. చెప్పాల్సింది ఎవరు? సుధారాణి నన్ను చెప్పమంది, నేను దాని మీద ఉడుక్కుంటూ తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఒక సీసా తీసి బాగా ఊపి బల్ల మీద పెట్టాను. మంచి టీకా అయితే చాలాసేపు మబ్బుగా ఉండిపోతుంది. ఇది విరిగిన పాలలా తునకలై చూస్తుండగానే అడుక్కి దిగిపోయింది. ఇంకొకటి ఊపాను, అదీ అంతే. అడ్జువెంట్ చచ్చిపోయిందన్నమాట. ఇక అది సూదిలో పోసిన నీళ్ళతో సమానం.

అప్పుడు నా మనసులో ఏం పుట్టిందో రాస్తున్నాను, నన్ను అసహ్యించుకోకు. నేను నోరు మూసుకుంటే చాలు కదా అనిపించింది. పిల్లలకి సూదులు పడతాయి, రక్తంలో ఏమీ కనపడదు, టీకా తప్పిందంటారు. సుధారాణి తల దించుకుని రైలెక్కుతుంది. నా మీద ఈగ వాలదు. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందో చెప్పలేనక్కా. ఇంటికొచ్చాను. "ఫ్రిజ్ బాగానే ఉందా ఇందూ?" అని అడిగింది, అత్తగారు దాని తలకి నూనె రాస్తుంటే. నా తలకి ఏనాడూ రాయలేదావిడ.

"ఆఁ, బాగానే ఉంది" అన్నాను.

రత్నానికి ఇంకా పది, పదిహేను రోజులుందని డాక్టరుగారన్నారు. టైముంది కదా, చెప్తాలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. చెప్తానో లేదో నాకే తెలియదు. నీ జవాబు వచ్చేసరికి ఏమవుతుందో కూడా తెలియదు.

ఇందు

*

23 మే

అక్కా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. వచ్చినా ఇక పనిలేదు.

ఆదివారం పొద్దున్నే వరహాలు ఆసుపత్రి గుమ్మంలో నిలబడి, "నొప్పులొచ్చేసినాయమ్మా, తెచ్చీసినాను" అన్నాడు. లోపల రత్నం అరుపులు. కాంతం ట్రేలో సూది, దూది, టీకా సీసా సర్దేస్తోంది. అంటుకోదని ఆ పిల్లకి మాటిచ్చిన నోరు ఇదే కదా. సీసా లాక్కుని సుధారాణిని మందుల గదిలోకి ఈడ్చుకెళ్ళాను. దాని కళ్ళముందే ఊపి కిటికీలో పెట్టాను. తునకలు దిగిపోయాయి. నేను ఒక్క మాట చెప్పనక్కర్లేకపోయింది.

దాని మొహంలో నెత్తురు లేదు. "తలుపు వెయ్యి" అంది. వేశాను. "నా దగ్గర వేరే లాటు సీసాలు లేవు ఇందూ. హైదరాబాదులో తెలిస్తే పరీక్ష ఎత్తేస్తారు, నన్నూ ఎత్తేస్తారు. బలం కొంచెం తగ్గి ఉంటుంది, అంతేగా? ఇది వేసేద్దాం. రెండో డోసుకి మంచిది తెప్పిస్తాను."

"రత్నం బిడ్డకి మొదటి డోసే ప్రాణం. నీకు నేను చెప్పాలా?"

"ఎప్పుడు చూశావు నువ్వు?"

"బుధవారం."

"బుధవారం నుంచి మూసుకున్న నోరు ఇంకొక్కరోజు మూసుకోలేవా?" అంది. ఏడ్చింది కూడా. ఈ టీకా కోసం పెళ్ళి మానుకున్నానంది. తర్వాత నా మొహంలోకి సూటిగా చూసి, "నీకు సంతోషంగా ఉంది కదూ?" అని అడిగింది.

"అవును. సంతోషంగానే ఉంది" అన్నాను.

ఎంత వెర్రిదాన్నో చూడు. నేను నోరు మూసుకుంటే అది మునుగుతుందనుకున్నాను. తీరా చూస్తే నేను నోరు తెరిస్తేనే అది మునిగేది. నోరు మూసుకోమని అదే బతిమాలుతోంది. ఇప్పుడు నేను మంచి పని చేసినా కుళ్ళుతో చేసినట్టే ఉంటుంది, నాకైనా తేడా తెలియదు. పోనీ, కుళ్ళే అనుకో. బయట ఆ పిల్ల అరుస్తుంటే నా మనసు కడుక్కుంటూ కూర్చోవడానికి తీరిక ఎక్కడిది? తలుపు తీసి డాక్టరుగారిని పిలిచాను. కాంతం, వరహాలు అందరూ వింటుండగా టీకాలన్నీ గడ్డకట్టి చెడిపోయాయని చెప్పాను. నాకు బుధవారమే తెలుసని కూడా చెప్పాను. సీసాలన్నీ పగలగొట్టి బ్లీచింగు బకెట్లో పోశాను. "అయ్యో, నా వల్లేనేటి?" అని కాంతం నెత్తి కొట్టుకుంటుంటే, నీ వల్ల కాదు, చెప్పకపోవడం నా తప్పు అన్నాను. ఆ మాట మాత్రం తల వంచుకునే అన్నాను.

ఆటోలో సాక్చీ వెళ్ళి పెద్ద మందుల దుకాణంలో కామెర్ల టీకా కొన్నాను. ఎన్నాళ్ళుగానో అమ్ముతున్న మామూలు టీకా, ఎవరి పేరూ లేనిది. ఐసు మధ్య పెట్టి, సీసాకి ఐసు తగలకుండా తువ్వాలు చుట్టి తెచ్చాను. వచ్చేసరికి రత్నానికి ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడుస్తోంది. సూదిలోకి మందు ఎక్కిస్తుంటే రత్నం నీరసంగా నా వెనక్కి చూసింది.

"పెద్ద డాక్టరమ్మ రానేదేటమ్మా? ఆయమ్మ సేత్తో ఏయిత్తే నాకు ధైర్యంగుంటాది."

కొట్టాలనిపించిందక్కా. దాని బిడ్డ కోసం ఇంత రభస చేసింది నేను, ఎండలో పరుగెత్తింది నేను. దానికి కావలసింది మాత్రం ఆ మహాతల్లి చెయ్యి!

మందుల గదిలోకి వెళ్ళాను. సుధారాణి ఇంకా కిటికీ దగ్గరే నిలబడి ఉంది. "రా, నీ చేత్తో వెయ్యాలట" అన్నాను. నమ్మలేదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. చేతులు కడుక్కుని, దుకాణం టీకా సూది అందుకుంది.

హైదరాబాదు వాళ్ళు పరీక్ష ఆపేశారు. సుధారాణి ఇవాళ రైలెక్కింది. మా ఆయన స్టేషను నుంచి వచ్చి, "నెమ్మదిగా చెప్పుండొచ్చు. నీకు మొదట్నుంచీ ఆవిడంటే పడదు" అన్నారు. పడదు అన్నాను. ఆసుపత్రిలో నన్ను ఉంచుతారో తీసేస్తారో ఇంకా తేలలేదు.

ఒక్క మాట రాసి ముగిస్తాను. ఆ రోజు సుధారాణి సూది వేస్తుంటే రత్నం పడుకున్నచోటు నుంచే దానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నా వంక చూడనైనా లేదు. నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది, అబద్ధమెందుకు. అయినా పిల్ల తొడ కదలకుండా గట్టిగా పట్టుకున్నాను.

నీ ఇందు